ఒక్క సూది వెనుక ఎన్నేళ్ల చదువు?

చెయ్యికో కాలికో మాత్రమే ఇచ్చే మత్తు గురించి, దానిలో ప్రత్యేక శిక్షణ పొందే ఫెలో డాక్టర్ల గురించి రోగి బంధువులకు నాలుగు మాటలు

ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చున్నవారికి కాలం కదలదు. లోపల ఏం జరుగుతోందో తెలియదు. తెలిసినదల్లా ఉదయం సంతకం పెట్టిన కాగితం, డాక్టరుగారు చెప్పిన నాలుగు మాటలు. ఆ నాలుగు మాటల్లో ఒకటి సరిగా అర్థం కాకపోయినా మనసు పదివిధాలుగా పోతుంది.

ఉదాహరణకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. తండ్రికి 70 ఏళ్లు. ఏళ్ల తరబడి చుట్ట కాల్చిన మనిషి. నాలుగడుగులు గబగబా వేస్తే ఆయాసం వస్తుంది. పొలం గట్టు మీద జారిపడి మణికట్టు దగ్గర ఎముకలు విరిగాయి. ప్లేటు వేయాలన్నారు. మత్తు డాక్టరుగారు వచ్చి చూసి, "పెద్దాయనను పూర్తిగా నిద్రపుచ్చనక్కరలేదు. చెయ్యి వరకే మత్తు ఇస్తాం. మా ఫెలో డాక్టరుగారు ఇస్తారు, నేను పక్కనే ఉంటాను" అన్నారు.

కొడుకు వెంటనే, "మెలకువగా ఉంటే మా నాన్న భయపడిపోతాడండీ. పూర్తిగా మత్తు ఇచ్చేయండి" అన్నాడు. తరువాత కాస్త గొంతు తగ్గించి, "ఇంకా నేర్చుకునేవారి చేత ఎందుకండీ? పెద్ద డాక్టరుగారే చేస్తే బాగుంటుంది కదా" అన్నాడు.

ఈ రెండు మాటలూ తప్పు కావు. తండ్రి మీద ప్రేమతో వచ్చిన మాటలే. అడిగే హక్కు ఆయనకు ఉంది. అయితే వీటికి సరైన సమాధానం తెలిస్తే భయం చాలావరకు తగ్గుతుంది. అందుకే ఈ వ్యాసం.

మత్తు ఎన్ని రకాలు?

మత్తు అనగానే ఒళ్లు తెలియని నిద్ర గుర్తుకు వస్తుంది. కాని అన్ని ఆపరేషన్లకూ అలాంటి నిద్ర అవసరం లేదు. మత్తు ముఖ్యంగా నాలుగు విధాలు.

మొదటిది పూర్తి మత్తు. దీనిని జనరల్ ఎనస్తీషియా అంటారు. రోగి గాఢనిద్రలో ఉంటాడు. చాలాసార్లు గొంతులో గొట్టం పెట్టి, మిషన్ ద్వారా శ్వాస ఇస్తారు.

రెండవది నడుముకు ఇచ్చే మత్తు. ఇందులో స్పైనల్, ఎపిడ్యూరల్ అని రెండు పద్ధతులు ఉన్నాయి. నడుము కింది భాగమంతా మొద్దుబారుతుంది. సిజేరియన్, హెర్నియా, తుంటి ఎముక, మోకాలి ఆపరేషన్లకు ఎక్కువగా వాడతారు.

మూడవది నరాలకు ఇచ్చే మత్తు. దీనిని నెర్వ్ బ్లాక్ అంటారు. ఒక చెయ్యికి గాని, ఒక కాలికి గాని, కడుపు గోడకు గాని వెళ్లే నరాల పక్కన మందు వేస్తారు. ఆ భాగం మాత్రమే మొద్దుబారుతుంది.

నాలుగవది గాయం ఉన్న చోట మాత్రమే ఇచ్చే మత్తు. పన్ను తీసేటప్పుడు, చిన్న గాయానికి కుట్లు వేసేటప్పుడు ఇచ్చేది ఇదే.

రెండవ, మూడవ రకాలను కలిపి రీజనల్ ఎనస్తీషియా అంటారు. ఇల్లు ఉదాహరణగా చెబితే సులువుగా అర్థమవుతుంది. ఒక గదిలో స్విచ్చి బాగుచేయాలంటే వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఆపనక్కరలేదు. ఆ గది ఫ్యూజు తీస్తే చాలు. మన నరాలు కూడా కరెంటు తీగల వంటివే. దెబ్బ తగిలిన చోట పుట్టిన నొప్పి నరం వెంట మెదడుకు చేరుతుంది. సోడియం అనే లవణం నరం గోడలోని సన్నని దారులగుండా లోపలికి రావడం వలన ఆ కబురు ముందుకు సాగుతుంది. మత్తుమందు ఆ దారులను కొన్ని గంటలపాటు మూసివేస్తుంది. మందు ప్రభావం తగ్గగానే అవి మళ్లీ తెరుచుకుంటాయి.

ఈ విద్య ఎలా వచ్చింది?

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో విలియం మోర్టన్ ఈథర్ ఆవిరితో ఒక రోగిని నిద్రపుచ్చి, నొప్పి లేకుండా ఆపరేషన్ చేయవచ్చునని అందరి ఎదుట చూపించాడు. 1884లో వియన్నాకు చెందిన కార్ల్ కోలర్ అనే యువ వైద్యుడు కొకెయిన్ చుక్కలతో కన్ను మాత్రమే మొద్దుబారుతుందని కనుగొన్నాడు. ఒక్క భాగానికి మత్తు అనే ఆలోచన అక్కడినుండే బలపడింది.

1898లో జర్మనీలోని కీల్ పట్టణంలో ఆగస్ట్ బియర్ వెన్నులోకి మందు ఎక్కించే పద్ధతిని మొదలుపెట్టాడు. రోగులకు ఇచ్చిన తరువాత, అసలు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని తానూ తన సహాయకుడూ ఒకరిమీద ఒకరు ప్రయత్నించి చూసుకున్నారు. సిరంజి సూదికి సరిగా అమరక బియర్ వెన్నులోనుండి నీరు కారిపోయింది. ఆ తరువాత కొన్ని రోజులు తలనొప్పితో ఆయన మంచం పట్టాడు. స్పైనల్ తరువాత తలనొప్పి ఎందుకు వస్తుందో డాక్టర్లకు మొదట తెలిసింది ఇలాగే. సరిగ్గా అదే 1898లో మన గుంటూరులో మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ అమ్మగారి ఆసుపత్రి ప్రారంభమయింది.

మన హైదరాబాదుకు కూడా ఈ చరిత్రలో చోటు ఉంది. క్లోరోఫాం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి నిజాం ప్రభుత్వ ఖర్చుతో 1888లోను, 1889లోను ఇక్కడ రెండు పరిశోధక సంఘాలు పనిచేశాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. ఆయన దగ్గర నేర్చుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు పొందారు. ఏళ్ల తరబడి రోగులకు క్లోరోఫాం ఇచ్చిన అనుభవం ఉండి కూడా ఆమె 1909లో పై చదువు కోసం ఎడిన్‌బరో వెళ్లారు. అనుభవం ఉన్న వైద్యులు కూడా ఇంకా నేర్చుకోవడం ఈనాటి ఆచారం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫెలో డాక్టరు అంటే ఎవరు?

ఇదే ముఖ్యమైన ప్రశ్న. ఫెలో అనే మాట వినగానే చాలామంది కాలేజీ విద్యార్థి అనుకుంటారు. అది పొరపాటు.

లెక్క చూడండి. ఇంటర్ తరువాత ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరాలు. ఆపైన ఆసుపత్రిలో హౌస్ సర్జన్‌గా ఒక సంవత్సరం. తరువాత ప్రవేశ పరీక్ష రాసి, మత్తు వైద్యంలో ఎం.డి. గాని డి.ఎన్.బి. గాని మూడు సంవత్సరాలు. అంటే ఎనిమిదిన్నర సంవత్సరాలు పూర్తయ్యేసరికి ఆ వ్యక్తి పూర్తి మత్తు వైద్యుడు. ఎక్కడైనా స్వతంత్రంగా మత్తు ఇవ్వవచ్చు. అంతటితో ఆగిపోకుండా, ఒక్క విభాగంలో ఇంకా నైపుణ్యం కావాలని ఏడాదిపాటు మళ్లీ నేర్చుకోవడానికి వచ్చినవారే ఫెలో డాక్టరు. ఆ నేర్చుకునే కాలాన్నే ఫెలోషిప్ అంటారు.

ఎం.డి.లో ఇది నేర్పరా అని అడగవచ్చు. నేర్పుతారు. నడుముకు ఇచ్చే మత్తు మన దేశంలో ప్రతి మత్తు వైద్యుడూ బాగా నేర్చుకుంటాడు. సిజేరియన్లు చాలావరకు దానితోనే జరుగుతాయి. కాని నరాలకు ఇచ్చే మత్తులో పదుల రకాలు ఉన్నాయి. కొన్ని ఈ మధ్యనే వచ్చాయి. వెన్నెముక పక్కన కండరం కింద మందు వేసే ఒక పద్ధతిని 2016లోనే మొదటిసారి వివరించారు. ఎముకల ఆపరేషన్లు తక్కువగా జరిగే కళాశాలలో చదివినవారికి వీటిలో అభ్యాసం తక్కువగా ఉంటుంది. ఆ లోటును ఫెలోషిప్ తీరుస్తుంది.

అమెరికాలో వైద్య శిక్షణను పర్యవేక్షించే సంస్థ 2016లో ఈ ఫెలోషిప్‌కు అధికారిక గుర్తింపు ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ కూడా మత్తు వైద్యంలో శిక్షణ ముగిసిన తరువాత ఇది ఒక సంవత్సరం. ఐరోపాలో ఇందుకు ప్రత్యేకంగా ఒక డిప్లొమా పరీక్ష ఉంది. మన దేశంలో అకాడమీ ఆఫ్ రీజనల్ ఎనస్తీషియా ఆఫ్ ఇండియా అనే వైద్యుల సంఘం ఈ విద్యను వ్యాప్తి చేస్తున్నది. ఎముకల ఆపరేషన్లకు పేరుపొందిన కోయంబత్తూరు గంగా హాస్పిటల్ వంటి చోట్ల ఈ శిక్షణ ఇస్తారు.

ఆ సంవత్సరంలో ఏమి నేర్చుకుంటారు?

సూది గుచ్చడం నేర్చుకోవడానికి ఏడాది ఎందుకు అనిపించవచ్చు. నిజానికి సూది గుచ్చడం అందులో చిన్న భాగం.

నరాల దారి: మెడ దగ్గర వెన్నుపాము నుండి ఐదు నరాల వేళ్లు బయలుదేరి, కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి చెయ్యికి చేరుతాయి. వీటికి మెడ పక్కన, కాలర్ ఎముక పైన, దాని కింద, చంక దగ్గర మత్తు ఇవ్వవచ్చు. భుజం ఆపరేషన్‌కు ఒక చోటు, మణికట్టు ఆపరేషన్‌కు మరొక చోటు సరిపోతుంది. ఏ నరం ఏ వేలికి వెళుతుందో, దాని పక్కన ఏ రక్తనాళం ఉందో, ఊపిరితిత్తి ఎంత దూరంలో ఉందో కళ్లు మూసుకున్నా కనిపించేంతగా చదవాలి.

స్కానింగ్ చూడడం: పూర్వం చర్మం మీద గుర్తులను బట్టి, చేతితో తడిమి, సూది దించేవారు. తరువాత సన్నని కరెంటుతో నరాన్ని కదిలించి, వేళ్లు అదిరితే సరైన చోటని గుర్తించేవారు. 1994లో వియన్నా వైద్యులు అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో చూస్తూ చెయ్యి నరాలకు మత్తు ఇచ్చిన తీరును ప్రకటించారు. ఇప్పుడు తెర మీద నరం, రక్తనాళం, సూది, మందు వ్యాపించే తీరు కనిపిస్తాయి. కాని తెర మీద కనిపించేది నలుపు తెలుపు మచ్చలే. వాటిలో నరం ఏదో, కండరం ఏదో గుర్తుపట్టాలి. ఒక చేతితో స్కానింగ్ పరికరం పట్టుకొని, రెండో చేతితో సూదిని నడుపుతూ, దాని మొన కంటికి కనబడకుండా పోయిన క్షణంలో చెయ్యి ఆపాలి. ఈ అభ్యాసం ముందుగా జెల్ దిమ్మల మీద చేస్తారు. తరువాతే రోగి దగ్గరకు వస్తారు.

ఇక్కడ ఒక మాట. థియేటర్‌లో స్కానింగ్ మిషన్ చూసి కొందరు ఆశ్చర్యపోతారు. ఇది నరాలను చూడడానికే. గర్భంలోని బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే 1994 చట్టం ప్రకారం స్కానింగ్ మిషన్లున్న ఆసుపత్రులు వాటి వివరాలతో ప్రభుత్వం దగ్గర రిజిస్టరు చేయించుకోవాలి. ఎవరు వాడుతున్నారో కూడా నమోదు కావాలి.

మోతాదు: ఈ మందులు నరం దగ్గర మేలు చేస్తాయి. ఎక్కువ మోతాదులో రక్తంలో కలిస్తే గుండెకు, మెదడుకు హాని చేస్తాయి. తరచుగా వాడే బుపివకెయిన్ అనే మందును బరువులో ఒక కిలోకు సుమారు 2 మిల్లీగ్రాములకు మించకుండా లెక్క వేస్తారు. 50 కిలోల మనిషికి 100 మిల్లీగ్రాములు. అంటే 0.5 శాతం మందు 20 మిల్లీలీటర్లు. అందుకే ఆపరేషన్‌కు ముందు బరువు తూస్తారు. "సుమారుగా రాసేయండి సిస్టరుగారూ" అనవద్దు.

ప్రమాదం వస్తే: మందు పొరపాటున రక్తంలో చేరితే చెవుల్లో గింగురుమంటుంది. నాలుక తిమ్మిరెక్కుతుంది, నోట్లో ఇనుము రుచి తగులుతుంది. ఆ తరువాత ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. ఇది చాలా అరుదు. దీనికి విరుగుడుగా పాలవలె తెల్లగా ఉండే కొవ్వు ద్రావణాన్ని రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఇలా ఒక రోగిని కాపాడిన సంగతి 2006లో మొదటిసారి ప్రచురితమయింది. మందు ఎక్కడ ఉంది, ఎవరు తీయాలి, ఎంత ఎక్కించాలి అనేది ఫెలో డాక్టర్ల చేత నర్సులతో కలిపి ముందుగానే రిహార్సల్ చేయిస్తారు.

ఎవరికి ఏది వద్దో తెలియడం: అన్నిటికంటే కష్టమైన పాఠం ఇది. మొదట చెప్పిన పెద్దాయన దగ్గరకు మళ్లీ వద్దాం. మెడ పక్కన మత్తు ఇస్తే ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే శ్వాస కండరానికి వెళ్లే నరం కూడా ఆ పక్కన చాలావరకు మొద్దుబారుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి అది తెలియనే తెలియదు. కాని ఆయాసం ఉన్న మనిషికి సగం కండరం పనిచేయకపోతే ఊపిరి అందదు. కాలర్ ఎముక పైన ఇచ్చినా కొంతవరకు ఆ భయం ఉంటుంది. చంక దగ్గర ఇస్తే ఆ నరం జోలికి పోనక్కరలేదు, మణికట్టుకు అది చక్కగా సరిపోతుంది. నాలుగు చోట్లా సూది వేయడం వచ్చినవారు నేర్పరులే. ఈ మనిషికి ఏ చోటు మంచిదో తేల్చగలవారు అంతకంటే నేర్పరులు. ఫెలోషిప్ ఈ రెండవ నేర్పు కోసమే.

ఆపరేషన్ తరువాతి కాపలా: కొందరికి నరం పక్కన సన్నని గొట్టం ఉంచి రెండు మూడు రోజులు కొద్దికొద్దిగా మందు ఇస్తారు. ఫెలో డాక్టర్లు ఉదయం సాయంత్రం వార్డులో తిరిగి నొప్పి ఎంత ఉందో, వేళ్లు కదులుతున్నాయో లేదో చూసి రాస్తారు. ప్రతి కేసూ పుస్తకంలో నమోదు చేస్తారు. సరిగా పట్టని మత్తు గురించి కూడా రాసి, ఎందుకు పట్టలేదో సీనియర్లతో చర్చిస్తారు.

"అయితే మా మీద నేర్చుకుంటారా?"

దాచకుండా చెప్పాలి. వైద్యం పుస్తకాలలో మాత్రమే నేర్చుకోగలిగేది కాదు. ఏ పెద్ద డాక్టరుగారైనా ఒకనాడు తన గురువు పక్కన నిలబడి నేర్చుకున్నవారే. అయితే దానికి ఒక క్రమం ఉంది. మొదట చూస్తారు. తరువాత సీనియర్ డాక్టరుగారు చేయి పట్టుకొని చేయిస్తారు. ఆ తరువాత వారు చూస్తుండగా చేస్తారు. ఎక్కడైనా తడబాటు కనిపిస్తే సీనియర్ సూది తీసుకుంటారు. ఇద్దరి కళ్లూ ఒకే తెర మీద ఉంటాయి.

మీకు మూడు ప్రశ్నలు అడిగే హక్కు ఉంది. మత్తు ఎవరు ఇస్తారు? పక్కన సీనియర్ ఎవరు ఉంటారు? ఈ పద్ధతి పనిచేయకపోతే రెండో దారి ఏమిటి? ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెప్పడం మా బాధ్యత. సీనియర్ డాక్టరే చేయాలని మీరు కోరితే ఆ మాట నిర్భయంగా చెప్పండి. దానివలన వైద్యంలో లోటు రాదు.

ఇంకొక సంగతి. ఈ శిక్షణ పొందినవారు అందరూ నగరంలో ఉండిపోరు. జిల్లా కేంద్రాలలో, చిన్న పట్టణాల మిషన్ ఆసుపత్రులలో ఇలాంటి ఒక్క డాక్టరు ఉంటే, చెరకు గానుగలోనో గడ్డి కత్తిరించే మిషన్‌లోనో చెయ్యి నలిగిన రైతుకు అక్కడే నొప్పి తగ్గుతుంది. గుండె జబ్బు ఉన్న ముసలమ్మ తుంటి విరిగితే, ఎక్స్‌రే బల్ల మీదికి ఎక్కించకముందే తొడ నరానికి మత్తు ఇచ్చి బాధ తగ్గించవచ్చు.

అందరికీ ఇదే మంచిదా?

కాదు. పూర్తి మత్తు చెడ్డది, నడుము మత్తు మంచిది అని ఒక్క మాటలో చెప్పలేము. తుంటి ఎముక విరిగిన 1,600 మంది మీద అమెరికా, కెనడా దేశాలలో జరిపిన పరిశోధన 2021లో వెలువడింది. సగంమందికి స్పైనల్, సగంమందికి పూర్తి మత్తు అని కేటాయించి చూశారు. 60 రోజుల తరువాత బతికి ఉండడంలోను, తిరిగి నడవడంలోను రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కనుక "మీవారికి పూర్తి మత్తే మంచిది" అని డాక్టరుగారు చెబితే కంగారు పడవద్దు. గుండె, ఊపిరితిత్తులు, రక్తం గడ్డకట్టే తీరు, ఆపరేషన్ పట్టే సమయం, రోగి ఇష్టం, ఇవన్నీ చూసి నిర్ణయిస్తారు. సూది వేయవలసిన చోట చర్మం మీద చీము ఉన్నా, రోగి వద్దన్నా ఆ మత్తు ఇవ్వరు.

ఎక్కువగా అడిగే సందేహాలు

"నడుముకు సూది వేస్తే జీవితాంతం నడుము నొప్పి వస్తుందట కదా?" ఇది మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ. సూది వేసిన చోట రెండు మూడు రోజులు నొప్పి ఉండవచ్చు. కాన్పు తరువాత నెలల తరబడి వచ్చే నడుము నొప్పికి గర్భంలో వంగిన నడుము, సడలిన కీళ్లు, బిడ్డను ఎత్తుకొని వంగి పాలివ్వడం వంటి కారణాలు ఉంటాయి. మామూలు కాన్పు అయిన తల్లులకు కూడా ఆ నొప్పి వస్తుంది.

"వెన్నుపాముకు సూది తగలదా?" పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది. స్పైనల్ సూదిని దానికి కింద, నరాలు నీటిలో తేలియాడే చోట వేస్తారు.

"తలనొప్పి వస్తుందా?" కొద్దిమందికి వస్తుంది. కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గుతుంది. ఇప్పుడు వాడే సూదులు చాలా సన్ననివి కనుక నూటికి ఒకరిద్దరికి మించి రాదు. వస్తే దాచుకోకండి, చికిత్స ఉంది.

"చెయ్యి శాశ్వతంగా చచ్చుబడుతుందా?" కొద్దిరోజులు తిమ్మిరి ఉండి పోవడం కొందరిలో చూస్తాము. శాశ్వతంగా నరం దెబ్బతినడం పదివేలమందిలో కొద్దిమందికే జరుగుతుంది. చాలా అరుదైనా ఈ మాట మీకు ముందుగా చెప్పిన తరువాతే సంతకం తీసుకోవాలి.

"మెలకువగా ఉంటే కత్తి శబ్దాలు వినబడతాయి కదా?" అడ్డంగా గుడ్డ కడతారు కనుక ఏమీ కనబడదు. భయం ఎక్కువగా ఉంటే సెలైన్‌లో కొద్దిగా నిద్రమందు కలిపి కునుకు పట్టిస్తారు. ముట్టుకున్నట్టు, లాగినట్టు తెలియవచ్చు గాని నొప్పి తెలియదు. నొప్పి తెలిస్తే చెప్పమనండి, వెంటనే మరో మార్గం చూస్తారు. చిన్నపిల్లలకైతే ముందు నిద్రపుచ్చి తరువాత నరాలకు మందు ఇస్తారు.

మీరు చేయవలసినవి

1. రక్తం పలుచబడే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. క్లోపిడోగ్రెల్ వంటివి నడుము మత్తుకు కొన్ని రోజుల ముందే ఆపవలసి వస్తుంది. కాని మీ అంతట మీరు ఆపవద్దు. గుండెకు స్టెంట్ వేసినవారికి అది ప్రాణాపాయం. మాత్రల చీటీ కాదు, మాత్రల సంచినే తీసుకురండి.

2. పాత ఆపరేషన్లలో మత్తు వలన ఏ ఇబ్బంది కలిగినా, ఏ మందు పడకపోయినా చెప్పండి. చేతికి కాలికి ముందునుండే తిమ్మిరి ఉంటే అదీ చెప్పండి. షుగరు ఉన్నవారిలో ఇది ముఖ్యం.

3. నరాల మత్తే కదా అని తినిపించవద్దు. ఇడ్లీ వంటి తేలిక ఆహారం 6 గంటల ముందు, మాంసం, నూనె పదార్థాలు 8 గంటల ముందు ఆపాలి. మంచినీరు 2 గంటల ముందు వరకు తాగవచ్చు. మత్తు సరిపోక పూర్తి మత్తు ఇవ్వవలసి వస్తే కడుపులోనిది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. "పాపం ముసలాయన, ఒక్క ముద్ద" అని పెట్టిన జాలి ప్రాణం మీదికి తెస్తుంది.

4. ఆపరేషన్ చేయవలసిన చెయ్యి మీద సర్జన్ పెన్నుతో గుర్తు పెడతారు. దానిని కడిగివేయవద్దు. ఏ చెయ్యి అని ఎన్నిసార్లు అడిగినా విసుక్కోవద్దు. సూది వేసేముందు ఒక్క క్షణం ఆగి గుర్తు చూడడం ఫెలో డాక్టర్లకు నేర్పే మొదటి అలవాట్లలో ఒకటి.

5. చుట్ట, బీడీ, సారా, పొగాకు అలవాట్లు దాచవద్దు. మేము మందలించడానికి అడగము.

ఆపరేషన్ తరువాత

నడుము మత్తు మామూలుగా 2 నుండి 4 గంటలలో దిగుతుంది. నరాల మత్తు, వాడిన మందును బట్టి, 12 నుండి 24 గంటల వరకు ఉండవచ్చు. అంతవరకు ఆ చెయ్యి మీది కాదనుకొని కాపాడండి. మెడకు కట్టిన గుడ్డలోనే ఉంచండి. వేడినీళ్ల సీసా, టీ గ్లాసు, పొయ్యి దగ్గరకు రానివ్వకండి. కాలినా తెలియదు. కాలికి మత్తు ఇస్తే ఒంటరిగా లేవనివ్వవద్దు.

నొప్పి లేదు కదా అని మాత్రలు మానకండి. మత్తు దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా రావచ్చు. అది సాధారణంగా అర్ధరాత్రే వస్తుంది. కనుక మత్తు దిగకముందే చెప్పిన సమయానికి మాత్ర వేయండి.

ఊపిరి అందకపోయినా, 24 గంటలు దాటినా స్పర్శ రాకపోయినా, నడుము మత్తు దిగిన తరువాత కాళ్లు మళ్లీ బలహీనపడినా, మూత్రం రాకపోయినా, జ్వరంతో నడుము నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. మరుసటి రోజు డ్యూటీకి వాయిదా వేయకండి.

చివరిగా

మనం చెప్పుకున్న పెద్దాయన వంటివారికి చంక దగ్గర మత్తు ఇచ్చి ప్లేటు వేస్తే, మామూలుగా ఆ సాయంత్రానికే మంచం మీద కూర్చొని కొడుకు చేతి కాఫీ తాగగలుగుతారు. గొంతులో గొట్టం లేదు, దగ్గు లేదు. ఎదుటివారిని గుర్తుపట్టి మాట్లాడతారు. దీనికి కారణం ఒక్క సూది కాదు. ఆ సూదిని ఎక్కడ వేయకూడదో నేర్చుకోవడానికి ఎవరో ఒక డాక్టరు తన జీవితంలో ఇంకొక సంవత్సరం వెచ్చించారు. మరొక సీనియర్ ఓపికగా నేర్పారు. మీరు నిజం దాచకుండా చెప్పారు. ఈ మూడూ కలిసినప్పుడే క్షేమం.

ఆదికాండంలో దేవుడు ఆదాముకు గాఢనిద్ర కలుగజేసిన సంగతి మన మత్తు వైద్యులు తరచుగా తలచుకుంటారు. నొప్పి తెలియకుండా చేయడం దయతో కూడిన పని అని వారి నమ్మకం. రేపు మీ ఇంటివారిని లోపలికి తీసుకువెళ్లేటప్పుడు ఫెలో డాక్టరుగారు వచ్చి తన పేరు చెప్పి పలకరిస్తే, మీ ప్రశ్నలు మీరు అడగండి. తరువాత ధైర్యంగా పంపించండి. బయట బెంచీ మీద మీరు ప్రార్థించేటప్పుడు లోపల ఆ సూది పట్టుకున్న చేతుల కోసం కూడా ప్రార్థించండి. స్వస్థపరచు దేవుడు మీ కుటుంబాన్ని కాపాడును గాక.